దవడ మీద బుడగ

గీకితే పోతుంది. చాకు మొన ఆనించి ఒక్కసారి తిప్పితే చాలు, తెల్లటి పొడి రాలుతుంది, ఊదితే ఆ పొడీ ఉండదు, కింద దవడ నున్నగా మిగులుతుంది. నా పనిలో సగం ఇదే. నోట్లోంచి తీసిన అచ్చులో ఎక్కడో ఓ చోట గాలి చిక్కుకుంటుంది, అందులో ప్లాస్టర్ పోస్తే ఆ గాలి ఉన్న చోట చిన్న బొడిపె లేస్తుంది, దాన్ని మేం బుడగ అంటాం, గీకేస్తాం. నోట్లో లేనిది ప్లాస్టర్ మీద ఉండకూడదు, ఉంటే కట్టుడుపళ్ళు కుదురుగా కూర్చోవు. ఈ బుడగ కింది దవడకి ఎడమపక్క, లోపలివైపు, నాలుక తగిలే చోట ఉంది. మిరియపు గింజంత. దవడ ఇంకా వెచ్చగా ఉంది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, అరచేతిలో పెట్టుకుంటే జ్వరం వచ్చిన పిల్ల చెంపలా ఉంటుంది, కాసేపటికి చల్లారి రాయి అయిపోతుంది. చల్లారేలోపు గీకితే మెత్తగా వస్తుంది. అవతలి గదిలో, రోగుల కుర్చీలో, డాక్టరు కూర్చుని ఉన్నాడు. పాత కట్టుడుపళ్ళు తీసి గిన్నెలో పెట్టుకుని, బోసినోటితో. ఈ దవడ ఆయనదే.

గంటలో మైనం ప్లేటు కావాలట, కొత్త కట్టుడుపళ్ళకి నమూనాగా. చిన్న డాక్టరమ్మ గోడలోని కిటికీలోంచి అచ్చు అందిస్తూ చెప్పింది. ఆ కిటికీ చేటంత ఉంటుంది, అందులోంచి ఆమె చెయ్యీ గొంతూ మాత్రమే నాకు వస్తాయి, మనిషి రాదు. ఆయన తనని నోట్లో వేలు పెట్టనివ్వలేదట, అద్దం ముందు నిలబడి తన అచ్చు తనే తీసుకున్నాడట. ఈ వయసులో ఇదేం పట్టుదలో మేస్త్రిగారూ, అని నవ్వింది. ఈసారైనా బుడగ ఉందని పేచీ పెట్టకండి, పెద్దాయన ఆకలి మీద ఉన్నారు, అని కూడా అంది. నా వెనక నన్ను బుడగల మేస్త్రి అంటారని తెలుసు. అననీ. పోయిన ఏడాది నుంచి ఏ దవడ మీద ఏ బొడిపె కనిపించినా నేను గీకడం లేదు. కిటికీలోంచి వెనక్కి తోసేస్తున్నాను. ఆ మనిషిని మళ్ళీ పిలవండి, నోరు చూడండి, అచ్చు మళ్ళీ తీయండి అంటున్నాను. వాళ్ళు గొణుక్కుంటూ వస్తారు, నోరు తెరుస్తారు, అక్కడ ఏమీ ఉండదు. ప్రతిసారీ ఏమీ ఉండదు. బుడగే. ఒక బస్సు డ్రైవరయితే మీ మేస్త్రికి పిచ్చా, నా సెలవు పోయింది, అని అరిచాడు. చిన్న డాక్టరమ్మ ఓర్చుకోలేక పెద్దాయనకి చెప్పింది. డాక్టరు ఏమన్నాడంటే, మేస్త్రి ఎలా అంటే అలా చెయ్యమ్మా, అన్నాడు. అది మంచితనమని ఆమె అనుకుంది. నేను అనుకోలేదు. తప్పు చేసినవాడు తలుపు తీసి పట్టుకుని నిలబడితే దాన్ని మర్యాద అనుకునే వయసు నాది కాదు.

నోరు డాక్టరుది, దవడ నాది. పనిలో చేరిన రోజునే ఆయన పెట్టిన కట్టుబాటు ఇది. మేస్త్రి రోగి నోరు చూడకూడదు. ముఖం కూడా చూడకపోతే మంచిది. చూస్తే జాలి పడతాడు, జాలి పడితే కొలత తప్పుతాడు, అనేవాడు. అప్పటికి నాకు అది గొప్పగా తోచింది. అప్పటి నుంచి నాకు ఈ ఊళ్ళో మనుషులు తెలియదు, దవడలు తెలుసు. బజారులో ఎదురొచ్చినవాడు ఎవరో తెలియదు, నవ్వితే మాత్రం, ఓహో నువ్వా, అనుకుంటాను. ఈ గదిలో అరల నిండా వాళ్ళే. తెల్లగా, నోళ్ళు తెరుచుకుని, మాట లేకుండా. గులాబీరంగు పొడి డబ్బా, ముక్కు మండించే మందు సీసా, మైనం వాసన, గోడలో ఆ కిటికీ. నా బతుకు నోళ్ళతోనే గడిచింది, ఒక్క నోరూ చూడకుండా. సొంత పెళ్ళాం నోరు కూడా దీపం పెట్టి చూడలేదు నేను. ఎందుకు చూస్తాను. నోరు డాక్టరుది.

ఆ కిటికీలోంచే నాకు ఇంగ్లీషు వచ్చింది. మా ఊరి బడిలో అక్షరాల దాకా నేర్పారు, ఆ తర్వాతది ఆయన గొంతు నేర్పింది. ఆయనకి ఒక అలవాటు ఉంది. పళ్ళన్నీ పోయాయని దిగులు పడేవాళ్ళకి ఒక ఇంగ్లీషు పలుకుబడి చెప్పి, అర్థం విప్పి, భుజం తట్టి పంపిస్తాడు. మందులచీటీ మీద మందు రాసినట్టే, మనిషిని బట్టి మాట. మత్తుమందు లేని రోజుల్లో సిపాయికి కాలు కోస్తూ నోట్లో తూటా పెట్టేవాళ్ళటమ్మా, అది కొరికి పట్టుకుని ఊరుకోవడమే, బైట్ ద బులెట్ అంటారు, అని ఒక ముసలమ్మకి చెప్పాడు. ఆవిడ, కొరకడానికి పళ్ళుంటే మీ దగ్గరికెందుకొస్తాను బాబూ, అంది. ఇవతల నేను నవ్వాను. అప్పుడు నవ్వు వచ్చేది. నొప్పి ఉన్నా ఇకిలించి భరించాలి అని ఒకరికి. చేదు మాత్రే, మింగాలి అని ఒకరికి. దెబ్బ తప్పనప్పుడు గడ్డం మీద తీసుకుని నిలబడాలి అని ఒక గుమాస్తాకి. పై పెదవి బిగబట్టాలి, వణకనివ్వకూడదు అని కొత్తగా మొగుడు పోయిన ఒకామెకి. ఇన్నేళ్ళు వింటే నాకు ఒకటి తెలిసింది. ఆ భాషవాళ్ళు ఒప్పుకోవడమంతా నోటితోనే చేస్తారు. కొరుకుతారు, మింగుతారు, ఇకిలిస్తారు, పెదవి బిగిస్తారు, గడ్డం చాపుతారు. మనం కడుపులో పెట్టుకోమంటాం, గుండె రాయి చేసుకోమంటాం. చోటు వేరు, అంతే. ఎక్కడ పెట్టుకున్నా పెట్టుకోవలసింది దెబ్బ తిన్నవాడే. ఆ తూటా నోట్లో ఎవరు పెట్టారో ఆ పలుకుబడిలో ఉండదు. కాలు ఎవరు కోశారో ఉండదు. ఆ కాలు అసలు కోయవలసిందేనా అని ఎవరైనా అడిగారో లేదో, అదీ ఉండదు.

నా పెళ్ళాం బట్టలకు బొత్తాలు కుట్టేది. పెద్ద దుకాణానికి, ఇంట్లో కూర్చుని, గంపెడు చొక్కాలు. దారం పంటితో తెంపేది. కత్తెర పక్కనే ఉన్నా పంటితోనే. పెళ్ళికి ముందు నుంచీ తెంపి తెంపి ముందుపన్ను కొసన చిన్న గాటు పడింది, దారం అందులో కూర్చునేది, తల కాస్త పక్కకి వంచి టక్కున తెంపేది. పళ్ళు ఊడాక ఆమె మొదట ఏడ్చింది దానికే. తినలేనని కాదు. కత్తెర తీసుకోవాలి, మళ్ళీ కింద పెట్టాలి, మళ్ళీ వెతకాలి, పని సగానికి పడిపోతుంది, అని. నేను ఆమె కట్టుడుపళ్ళు చేస్తూ ముందుపన్నుకి ఆకురాయితో అలాంటి గాటే పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. డాక్టరుకి కూడా. ఆమె పెట్టుకుని, నాలుకతో తడిమి, అద్దం దగ్గరికి వెళ్ళి, చాలాసేపు రాలేదు. వచ్చి, నకిలీ పన్నుకి కూడా గాటు పెట్టిన మొనగాణ్ణి మిమ్మల్నే చూశానండీ, అంది. అది పొగడ్త. మా ఇంట్లో పొగడ్తలు అలాగే ఉండేవి. ఆ సాయంత్రం చొక్కాలన్నీ అయ్యేదాకా లేవలేదు, టక్కు టక్కుమని తెంపుతూనే ఉంది, నేను పక్కగదిలో పడుకుని ఆ చప్పుడు విన్నాను. ఈ గదిలో అలాంటి చప్పుడు లేదు. అవతల కుళాయి కారుతోంది. డాక్టరు దగ్గాడు. కుర్చీ తోలు కిర్రుమంది. దవడ చల్లారుతోంది.

ఆ పళ్ళు కొన్నాళ్ళు బాగానే ఉన్నాయి. తర్వాత గుచ్చుతోందంది. ఎడమపక్క కింద. ఇది నా నోరులా లేదండీ, ఎవరింట్లోనో అద్దెకి ఉన్నట్టుంది, గోడకి ఎక్కడో మేకు ఉంది, అంది. డాక్టరు దగ్గరికి తీసుకొచ్చాను, ఆమెని అటు పంపి నేను ఇటు వచ్చాను. కిటికీలోంచి ఆయన గొంతు వినిపించింది. నోరు ఇంకా ఒప్పుకోలేదమ్మా, కొత్త వస్తువు కదా, ఒప్పుకుంటుంది, కాస్త ఓపిక పట్టాలి. ప్లేటు కిటికీలోంచి నా చేతికి వచ్చింది. అంచు కొంచెం తియ్యి మేస్త్రీ. తీశాను. మళ్ళీ గుచ్చింది. మళ్ళీ తీశాను. కోడిగుడ్డు పెంకులా అయిపోయింది ఆ అంచు, అయినా గుచ్చింది. ఆమె కత్తెర తీసుకుంది, కింద పెట్టింది, వెతుక్కుంది. చివరికి డాక్టరు కొత్త ప్లేటు చేద్దామని అచ్చు తీశాడు. ప్లాస్టర్ పోశాను. దవడ మీద ఎడమపక్క లోపలివైపు చిన్న బొడిపె. బుడగ అనుకున్నాను, గీకాను. ఎవరైనా గీకుతారు. ఆ అచ్చు సరిగ్గా రాలేదని తర్వాతి వారం ఇంకోటి తీశాడు. పోశాను. మళ్ళీ అక్కడే. బుడగ ఒకే చోట రెండుసార్లు లేవడం నేను చూడలేదు. లేవదని కాదు, నేను చూడలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి, డాక్టరుగారూ, అదే చోట మళ్ళీ బుడగ ఉందండీ, అన్నాను. అవతల ఆమె ఆ కుర్చీలోనే ఉంది, నోరు తెరుచుకుని. ఆయన దీపం ఇటు తిప్పి చూడవచ్చు. వేలు పెట్టి తడమవచ్చు. బయట జనం ఉన్నారు, ఆయనకి తొందరగా ఉంది. గీకెయ్ మేస్త్రీ, అన్నాడు. గీకాను. చెయ్యి నాది, మాట ఆయనది. ఇంటికి వెళ్ళాక ఆమె నవ్వుతూ, మీరు అక్కడ నా దవడ గీకుతుంటే నాకిక్కడ చక్కిలిగింత పెట్టిందండీ, అంది.

పెద్దాసుపత్రిలో క్యాన్సరన్నారు, సగం దవడ తీసేశారు. నిజం దవడ. ముందే వచ్చి ఉంటే, అని అక్కడి డాక్టరు మాట మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేశాడు. ఆ తర్వాత ఆమెకి మాట లేదు, తిండి గొట్టంలో, నొప్పి మాత్రం అందరికీ వినిపించేది. పోయేముందు వేళ్ళు దుప్పటి అంచు మీద కుట్టుపని చేస్తూ ఉండేవి. లేని దారం పైకి లాగేది, నోటి దగ్గరికి తెచ్చేది, అక్కడ ఆగిపోయేది. నేను చూశాను. నా కూతురు చూడలేక బయటికి వెళ్ళింది. డాక్టరు మా ఇంటికి వచ్చింది అంతా అయిపోయిన మూడో రోజు. మంచి చొక్కా వేసుకున్నాడు. కుర్చీ చూపించాను, కూర్చున్నాడు, మంచినీళ్ళిచ్చాను, తాగలేదు, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. నేను ఒక్క మాట కోసం చూశాను. గీకెయ్ అన్నది నేనే, అని. అంతే. ఆయన గొంతు సవరించుకుని, కమ్ టు టర్మ్స్ అని ఉంది మేస్త్రీ, అన్నాడు. జరిగినదానితో మనిషి ఒక ఒప్పందానికి రావాలి. ఒప్పందమంటే ఇద్దరు కూర్చోవాలి. ఎదురుగా కూర్చున్నదెవరు? నా పెళ్ళాం బొడిపె వచ్చి కూర్చుంటుందా సంతకానికి? అని లోపలే అనుకున్నాను. ఆయన తెచ్చుకున్న మాటలు ఇంకో రెండు చెప్పాడు, చేదు మాత్ర ఒకటి, రెండోది నాకు గుర్తులేదు, లేచి వెళ్ళాడు. తూటా వాళ్ళ చేతిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

పనిలోకి వెళ్ళకండి నాన్నా, అంది కూతురు. వెళ్ళాను. మానేస్తే ఆయనకి సుఖం. కిటికీ అవతల ఇంకో మేస్త్రి వస్తాడు, కొత్త చెయ్యి, కొత్త గొంతు, నెల తిరిగేసరికి ఆయనకి నిద్ర పడుతుంది. నేను ఉంటే పట్టదు. రోజూ నా దగ్గు వినాలి, నా చాకు చప్పుడు వినాలి, నేను వెనక్కి తోసిన ప్రతి దవడా చేతిలోకి తీసుకోవాలి. నా దగ్గర ఉన్నది అదొక్కటే, అది వదులుకోను. మొన్న కూతురు వచ్చింది. ఇల్లు ఊడ్చింది, వాళ్ళమ్మ చీరలు మడతలు విప్పి మళ్ళీ పెట్టింది, ఆ తర్వాత నా పక్కన కూర్చుని, డాక్టరు మా ఇంటికి వచ్చాడు నాన్నా, నా ముందు ఏడ్చాడు, అంది. నా ముందు ఏడవమను, అన్నాను. మీ ముందు ఏడిస్తే మీరు ఊరుకుంటారా, అంది. ఊరుకోను. నేను ఒప్పేసుకున్నాను నాన్నా, రోజూ దాన్నే నములుతూ ఉంటే నా పిల్లలకి అన్నం పెట్టలేకపోతున్నాను, మీరూ ఇక చాలించండి, అంది. నువ్వు ఒప్పుకో, నీకు పిల్లలున్నారు. నాకు ఈ పని ఉంది. అది ఏడ్చింది. ముక్కు చీది, మీకంటే ఆ ప్లాస్టరే నయం, కాసేపైనా వెచ్చగా ఉంటుంది, అంది. వాళ్ళమ్మ నోరే. ఆ ఒక్క మాటకి మాత్రం నాకు కళ్ళ వెనక ఏదో కదిలింది. దానికి చూపించలేదు.

చల్లారిపోయింది. ఇప్పుడు గీకితే గట్టిగా ఉంటుంది, కిర్రుమంటుంది, అయినా పోతుంది. గీకితే ఎవరికీ తెలియదు. చిన్న డాక్టరమ్మ సంతోషిస్తుంది. మైనం ప్లేటు చేస్తాను, ఆయన పెట్టుకుంటాడు, గుచ్చుతుంది, అంచు తియ్యి మేస్త్రీ అంటాడు, తీస్తాను. ఎన్నిసార్లయినా తీస్తాను. నోరు ఇంకా ఒప్పుకోలేదండీ, ఒప్పుకుంటుంది, అని కిటికీలోంచి నేను చెబుతాను. ఆ మాట నా నోట్లో ఎలా ఉంటుందో ఇక్కడే పెదవులు కదిపి చూసుకున్నాను. బాగుంది. ఇది పాపం అని ఎవరైనా అంటే, ఆయన చెప్పిన పనే చేశానని అంటాను. అబద్ధం కాదు. బుడగే అయి ఉండవచ్చు కూడా. ఈ ఏడాదంతా బుడగలే. బస్సు డ్రైవరుది బుడగ, గుమాస్తాది బుడగ, బోసినోటి ముసలమ్మ చెల్లెలిది బుడగ. వాళ్ళందరినీ వెనక్కి పిలిపించాను. నాకు ఏమీ కానివాళ్ళని, ముఖాలు తెలియనివాళ్ళని. ఈ ఒక్కడినీ పిలిపించకపోతే ఏమవుతుంది? చాకు మొన బొడిపె మీద పెట్టాను. బరువు వెయ్యలేదు. అవతల ఆయన మళ్ళీ దగ్గాడు, ఉమ్మాడు, నీళ్ళు తిప్పాడు. పళ్ళు లేనివాడు నీళ్ళు పుక్కిలించే చప్పుడు పసిపిల్ల తాగే చప్పుడులా ఉంటుంది.

కిటికీ దగ్గరికి వెళ్ళాను. "డాక్టరుగారూ, ఎడమపక్క లోపల బుడగ ఉందండీ."

చిన్న డాక్టరమ్మ మందుల గదిలో సీసాలు సర్దుతోంది, ఆ గలగల ఒకటే. మామూలుగా అయితే, మళ్ళీ అచ్చు తీద్దాం మేస్త్రీ, అంటాడు. ఈ ఏడాదంతా అలాగే అన్నాడు. నేను నిలబడే ఉన్నాను. చాలాసేపటికి ఆయన గొంతు వచ్చింది, పళ్ళు లేక మెత్తబడి, అంచులు ఊడిపోయిన గొంతు.

"గీకెయ్ మేస్త్రీ."

నాకు వెంటనే కోపం రాలేదు. వెనక్కి వచ్చి చెత్తబుట్టలో పారేసిన అచ్చు బయటికి తీశాను. గాలి చిక్కుకున్న చోట గుంట గుండ్రంగా, లోపల మెరుస్తూ ఉంటుంది. ఇది మెరవడం లేదు. అంచులు కూడా గరుకుగా ఉన్నాయి. అప్పుడు ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి నా ముందు. అద్దం ముందు తనే ఎందుకు తీసుకున్నాడు. చిన్న డాక్టరమ్మని వేలు ఎందుకు పెట్టనివ్వలేదు. ఈ మధ్య భోజనం బల్ల దగ్గర నుంచి తిండి వదిలేసి లేచిపోతున్నాడని ఆ పిల్ల చెబితే, ముసలితనం అనుకున్నాను. చాకు బల్ల మీద పెట్టాను. దవడ పట్టుకుని, మధ్య తలుపు తోశాను. రోగి కుర్చీలో ఉండగా ఆ తలుపు నేను ఎప్పుడూ తియ్యలేదు. బిగుసుకుని ఉంది, భుజంతో తోయాల్సి వచ్చింది.

ఆయన ఎంత చిన్నగా అయిపోయాడో అప్పుడు చూశాను. కుర్చీ పెద్దదిగా ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి, మెడకి కట్టిన గుడ్డ తడిసి ఉంది. నన్ను చూసి లేవబోయాడు, మళ్ళీ కూర్చున్నాడు. దీపం ఆయన ముఖం మీదికి లాగాను. నోరు తెరవండి, అన్నాను. తెరవలేదు. గడ్డం పట్టుకుని నొక్కాను, తెరిచాడు. చెయ్యి కడుక్కోలేదు, నా వేళ్ళకి ప్లాస్టర్ పొడి అంటుకుని ఉంది. ఎడమపక్క, లోపలివైపు, నాలుక కింద. రాయిలా ఉంది. కదల్లేదు. చుట్టూ కండ కూడా దానితో కలిసి బిగుసుకుంది. ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి, వేలు తీసేదాకా రెప్ప వెయ్యలేదు. ఒక నిజం నోరు నేను తాకడం అదే మొదటిసారి. వెచ్చగా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చలికాలం ముందు నుంచి."

"ఎవరికి చెప్పారు?"

తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు, మాటలు పెదవుల దగ్గర జారిపోతున్నాయి, నేను వంగి వినవలసి వచ్చింది. తెలిసిన రోజు భయం వేయలేదట. ఇది రావలసిందే అనిపించిందట. అదే పక్కన, అదే చోట రావడం చూసి తేలికపడ్డాడట. తేలిక. వైద్యం వద్దనుకున్నాడట. చేతనైనన్నాళ్ళు పని చేసి, కొత్త ప్లేటు నా చేత్తో చేయించుకుని, బొడిపె నా చేత్తోనే గీకించుకుని, అలా పోతే నాకు న్యాయంగా ఉంటుందనుకున్నాడట.

"నేను ఒప్పేసుకున్నాను మేస్త్రీ. నీకిప్పుడు సరిపోయింది కదా?"

ఆమెది నా చేత్తో గీకించాడు. ఇప్పుడు తనది కూడా నా చేత్తోనే గీకించి, ఆ చాకు నా దగ్గర వదిలేసి, శిక్ష పడింది కదా అని దుప్పటి కప్పుకుని పోదామనుకున్నాడు. ఇవతల నేను మిగలాలి, రెండు దవడలతో. ఒప్పుకోవడమట. ఆమెకి ఒప్పుకోవడానికి ఎవరు ఏమిచ్చారు? ఆమెని అడిగారా? ఆమె పెద్దాసుపత్రి మంచం మీద చివరిదాకా ఒప్పుకోలేదు. గొట్టాలు పీకేసింది, నర్సుని గోళ్ళతో రక్కింది, దారం నోటి దగ్గరికి తెచ్చుకుంటూనే ఉంది. పోరాడి పోయింది. ఈయన మాత్రం సుఖంగా, ఇష్టపడి, పెదవి బిగబట్టి, మంచివాడిలా పోతాడు. పోనిస్తానా నేను.

"సరిపోలేదు. లేవండి."

ఎక్కడికని కళ్ళతో అడిగాడు. పెద్దాసుపత్రికన్నాను. ఆలస్యమయిపోయింది మేస్త్రీ, అన్నాడు. నాకూ తెలుసు, వేలికి తెలిసింది. ఆ సంగతి వాళ్ళు చెబుతారు, మీరు కాదు, అన్నాను. ఆయన ఒక ఇంగ్లీషు మాట ఎత్తుకోబోయాడు. ఏదో శాంతి గురించి. పళ్ళు లేని నోట్లో అది గాలిగా బయటికి వచ్చింది, ఆయనకే అర్థమయినట్టు లేదు. మళ్ళీ అనబోయాడు. వద్దన్నాను.

"దవడ కోస్తే కోయించుకోండి. గొట్టం పెడితే పెట్టించుకోండి. ఆవిడ పడిందంతా పడండి. బతికితే బతకండి. గీకెయ్ అన్నది నేనే అని, పళ్ళు పెట్టుకుని, నా ముందు కూర్చుని, స్పష్టంగా చెప్పేదాకా నేను మిమ్మల్ని పోనివ్వను."

ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. అందులో నాకు కావలసినది లేదు. చప్పుడుకి చిన్న డాక్టరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది, తెరుచుకున్న మధ్య తలుపుకేసి చూసింది, నా చేతిలో దవడని చూసింది. బుడగేనా మేస్త్రిగారూ, అని అడిగింది, నవ్వు లేకుండా. కాదమ్మా, బండి పిలువు, అన్నాను. ఆమె పరుగెత్తింది. దవడ ఆయన ఒళ్ళో పెట్టాను, పట్టుకోండి, అక్కడ చూపించాలి, అన్నాను. రెండు చేతులతో పట్టుకున్నాడు. చంక కింద చెయ్యి వేసి లేపాను. బరువు లేడు. మెట్ల దగ్గర ఆగాడు, వద్దు మేస్త్రీ, నన్ను ఇంటికి పంపెయ్, అని నా భుజం మీద తల ఆనించి గొణిగాడు. వీధిలో ఎండ తెల్లగా ఉంది. బండి ఇంకా రాలేదు. ఆయన జబ్బ నా గుప్పిట్లో ఉంది, ఎముక తెలిసేంత గట్టిగా పట్టుకున్నాను, నొప్పికి ఆయన ముఖం ముడుచుకుపోతోంది. పట్టు సడలించలేదు నేను.